సముద్రం అవతల పుట్టిన మనుమడిది ఏ దేశం?

ఏడాది లోపు నమోదు చేయిస్తేనే భారత పౌరసత్వం - గడువు దాటితే ఢిల్లీ అనుమతే దిక్కు

మార్టూరు: ఈ ప్రాంతంలో 60 ఏళ్ళు దాటిన పెద్దల్ని "మీది ఏ జిల్లా?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పరు. వారు పుట్టింది గుంటూరు జిల్లాలో. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. వారి చదువులు, పెళ్ళిళ్ళు ఆ జిల్లాలో జరిగాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి మార్టూరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇంటి గడప దాటకుండానే మూడు జిల్లాలు చూసిన మనుషులు వీరు. జిల్లా ఎన్నిసార్లు మారినా వీరు ఏ దేశస్థులన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు.

వీరి మనుమలు, మనుమరాళ్ళ సంగతి అలా కాదు. కొడుకు అమెరికాలో ఉంటాడు. అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. బిడ్డ అక్కడ పుడుతుంది. నాలుగు నెలలు తిరక్కుండానే అమ్మమ్మ చేతికో, నాయనమ్మ చేతికో వస్తుంది. ఇక్కడే ఉగ్గు తింటుంది, ఇక్కడే పలక పడుతుంది. మాట తెలుగు, ఆట తెలుగు. కాగితం మీద మాత్రం ఆ బిడ్డ ఏ దేశపు పౌరుడన్నది పుట్టిన చోటునుబట్టి, పుట్టిన తేదీనిబట్టి, తల్లిదండ్రులు వేళకు పెట్టుకున్న అర్జీనిబట్టి తేలుతుంది. ఈ సంగతి చాలా ఇళ్ళలో తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతోంది.

ఒకే ఇంట్లో ఇద్దరు

మార్టూరుకు దగ్గరలోని ఒక గ్రామంలో మిర్చి, పత్తి పండించే రైతు ఇంట ఇదే జరిగింది. ఆయన కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూతురు, అల్లుడు కువైట్‌లో ఉన్నారు. కొడుకు కూతురు అయిదేళ్ళ పాప. అమెరికాలో పుట్టి రెండేళ్ళుగా తాత దగ్గరే పెరుగుతోంది. కూతురికి కువైట్‌లో మగబిడ్డ పుట్టాడు.

రేషన్ కార్డులో మనుమరాలి పేరు కూడా ఎక్కించమని రైతు గ్రామ సచివాలయానికి వెళ్ళారు. అక్కడి కుర్రవాడు పాప పాస్‌పోర్టు తిరగేసి చూశాడు.

"పెద్దాయనా, పాప అమెరికా పౌరురాలండీ. కార్డులో ఎక్కించడం కుదరదు" అన్నాడు.

"మా అబ్బాయి పుట్టింది ఈ ఊళ్ళో, కోడలిది పక్క ఊరు. పాప అమెరికాది ఎట్టా అవుద్దయ్యా?" అని రైతు అడిగారు.

"నాకు తెలిసింది అంతేనండీ, పాస్‌పోర్టులో అట్టాగే ఉంది" అన్నాడు ఆ కుర్రవాడు.

ఆ సాయంత్రం రైతు ఊళ్ళో ఉన్న రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి అరుగు మీద కూర్చుని సంగతి చెప్పుకున్నారు. ఆ పెద్దమనిషి పాప మాట పక్కన పెట్టి ముందు మనుమడి సంగతి అడిగారు.

"కువైట్‌లో పుట్టిన వాడికి ఎన్నో నెల బావా?"

"తొమ్మిది నిండాయి."

"మన రాయబార కార్యాలయంలో పుట్టుక నమోదు చేయించారా?"

"ఆసుపత్రి కాగితం ఉందంట."

"ఆ కాగితం చాలదు. మూడు నెలలే టైముంది. ఈ రాత్రికే ఫోన్ చెయ్యి" అని ఆయన లేచి నిలబడ్డారు.

ఆ మాటతో ఆ ఇంట నిద్ర పట్టలేదు. అసలు ఆ మూడు నెలల లెక్క ఏమిటో తెలియాలంటే చట్టం సంగతి కొంచెం తెలుసుకోవాలి.

నేల హక్కు, నెత్తురు హక్కు

ప్రపంచంలో పౌరసత్వం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పుట్టిన నేలనుబట్టి వచ్చేది. రెండవది తల్లిదండ్రుల నెత్తురునుబట్టి వచ్చేది. అమెరికా మొదటి దారి పట్టింది. అక్కడి రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణ ప్రకారం ఆ గడ్డ మీద పుట్టిన బిడ్డను అమెరికా పౌరుడిగా లెక్కిస్తూ వచ్చారు. కువైట్, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశాలు రెండవ దారిలో ఉన్నాయి. అక్కడ మనవాళ్ళు 20 ఏళ్ళు పనిచేసినా, బిడ్డ అక్కడే పుట్టినా, పుట్టినంత మాత్రాన ఆ దేశపు పౌరసత్వం రాదు.

మన దేశం మొదట నేల హక్కునే విశాలంగా పాటించింది. 1955 నాటి పౌరసత్వ చట్టం మూడవ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టినవారు, రాయబారుల పిల్లల వంటి కొద్దిమంది మినహా, తల్లిదండ్రులు ఎవరైనా భారత పౌరులే. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించారు. ఇద్దరూ భారత పౌరులై ఉండాలి. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమంగా వచ్చినవారు కాకుండా ఉండాలి.

ఇది ఇక్కడ పుట్టినవారి సంగతి. విదేశంలో పుట్టినవారి సంగతి అదే చట్టంలోని నాలుగో సెక్షన్ చెబుతుంది. దీన్ని సంతతి ద్వారా వచ్చే పౌరసత్వం అంటారు. మన రైతు మనుమడికి వర్తించేది ఈ సెక్షనే.

తల్లి పేరు చెల్లని కాలం

1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబర్ 10కి ముందు వరకు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారత పౌరుడైతేనే పౌరసత్వం వచ్చేది. తల్లి భారత పౌరురాలైనా, తండ్రి పరదేశి అయితే బిడ్డకు సంతతి ద్వారా హక్కు లేదు. నవమాసాలు మోసిన తల్లి దేశం బిడ్డకు దేశం కాలేదు.

1992లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1992 డిసెంబర్ 10 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి గాని, తండ్రి గాని, ఎవరో ఒకరు భారత పౌరులైతే చాలు. ఈ మార్పు వెనకటి తేదీలకు వర్తించదు. 1992 డిసెంబర్ 9న పుట్టిన బిడ్డకు ఒక న్యాయం, మరునాడు పుట్టిన బిడ్డకు ఒక న్యాయం. పొలం సరిహద్దు రాయి ఇటు పడిందా అటు పడిందా అన్నట్లు, ఈ చట్టంలో తేదీయే సరిహద్దు రాయి.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవలసి ఉంది. తల్లి గాని, తండ్రి గాని బిడ్డ పుట్టిన రోజున భారత పౌరులై ఉండాలి. అంతకు ముందే ఇద్దరూ వేరే దేశం పౌరసత్వం పుచ్చుకుని ఉంటే, వారు ఎంత మనవాళ్ళైనా, ఏటా సంక్రాంతికి వచ్చి పోతున్నా, బిడ్డకు సంతతి ద్వారా భారత పౌరసత్వం రాదు. మన రాజ్యాంగం 9వ అధికరణం, పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం కోరి మరొక దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారి భారత పౌరసత్వం ఆ క్షణంలోనే రద్దవుతుంది. ప్రత్యేకంగా ఎవరూ రద్దు చేయనక్కరలేదు.

ఏడాది గడువు ఎక్కడిది?

2003లో చేసి, 2004 డిసెంబర్ 3 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ అసలు చిక్కు తెచ్చింది. ఆ తేదీ నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకను ఏడాది లోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో గాని, కాన్సులేట్‌లో గాని నమోదు చేయించాలి. నమోదు లేకపోతే, తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులైనా సరే, బిడ్డ సంతతి ద్వారా భారత పౌరుడు కాడు. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇస్తేనే నమోదు చేస్తారు. ఆ అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఢిల్లీ చేతిలో ఉంటుంది.

అంతకు ముందు ఈ నిబంధన కొందరికే ఉండేది. తండ్రి కూడా విదేశంలో పుట్టి సంతతి ద్వారానే పౌరుడైతే, అతని బిడ్డ పుట్టుకను నమోదు చేయించవలసి వచ్చేది. 2004 తరువాత అందరికీ తప్పనిసరి అయింది.

రైతులకు ఈ సంగతి తేలిగ్గా అర్థం కావాలంటే ఈ-క్రాప్ నమోదు గుర్తు చేసుకుంటే చాలు. పొలంలో మిరప పైరు కళ్ళెదుట ఏపుగా ఉంటుంది. విత్తనం మనదే, కూలీ మనదే. కాని పంట నమోదు కాకపోతే నష్టం వచ్చిన రోజున లెక్కలో ఆ పైరు లేనట్లే. బిడ్డ సంగతీ అంతే. బిడ్డ మనదే, నెత్తురు మనదే. వేళకు పుస్తకంలో పేరు ఎక్కాలి.

నమోదు సమయంలో తల్లిదండ్రులు ఒక వాంగ్మూలం కూడా ఇవ్వాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాతపూర్వకంగా చెప్పాలి. ఈ ఒక్క వాక్యం అమెరికా బిడ్డకూ, గల్ఫ్ బిడ్డకూ మధ్య పెద్ద తేడా తెచ్చింది.

గల్ఫ్ బిడ్డకు ఒకటే దారి

గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు ఆ దేశం పాస్‌పోర్టు ఇవ్వదు. తల్లిదండ్రుల దేశం ఇవ్వాలి. ఇంటికి తీసుకురావాలన్నా, అక్కడ నివాస అనుమతి కావాలన్నా భారత పాస్‌పోర్టు ఉండవలసిందే. కనుక కాగితాలు సక్రమంగా ఉన్న కుటుంబాలు సాధారణంగా నమోదు చేయించుకుంటాయి. కాగితాల్లో తిరకాసు ఉన్నచోట ఆలస్యం జరుగుతోంది.

మన రైతు ఇంట్లో జరిగిందదే. కూతురి పెళ్ళి సర్టిఫికెట్ ఊళ్ళో బీరువాలో ఉంది. అందులో ఆమె పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంది. పుట్టింటి ఇంటిపేరు ఒకదానిలో ఉంది, రెండవదానిలో లేదు. "ఒక్క అక్షరమే కదా, తరువాత చూద్దాంలే" అని అల్లుడు డ్యూటీల మధ్య వాయిదా వేస్తూ వచ్చాడు. నెలలు గడిచాయి. ఏడాది గడువు సంగతి వారికి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి ఫోన్ తరువాత రైతు కాళ్ళకు చెప్పుల్లేనట్లు తిరిగారు. మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. కల్లంలో కాయ ఆరబోసి, కూలీలను భార్యకు అప్పగించి కార్యాలయాల చుట్టూ తిరిగారు. సర్టిఫికెట్ సరిచేయించి, ఫొటో తీయించి ఒక కాపీ, అసలుది ఊరి నుంచి వెళ్తున్న వారి చేతికి ఇచ్చి పంపారు. బిడ్డకు పదో నెల నడుస్తుండగా నమోదు పూర్తయింది. ఆ తరువాత పాస్‌పోర్టు వచ్చింది.

ఈ ప్రాంతంలో పందిట్లో పెళ్ళి జరిగితే చాలుననుకునే వారు ఇంకా ఉన్నారు. పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. పదిమంది చూశారన్న సాక్ష్యం ఊళ్ళో చెల్లుతుంది. సముద్రం దాటితే కాగితమే సాక్ష్యం. గల్ఫ్ దేశాల్లో తల్లిదండ్రుల పెళ్ళి కాగితం లేకుండా బిడ్డ పుట్టుక పత్రం తెచ్చుకోవడం చాలా కష్టం. ఇళ్ళలో పనికి వెళ్ళి, వీసా గడువు దాటి, యజమాని దగ్గర పాస్‌పోర్టు చిక్కుకున్న తల్లులకు ఈ కష్టం మరీ ఎక్కువ. అటువంటివారు ఆలస్యం చేయకుండా రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించడం మేలు. 1992 తరువాత తల్లి పౌరసత్వం కూడా బిడ్డకు చెల్లుతుందన్న సంగతి వీరికి ముఖ్యంగా తెలియాలి.

అమెరికా బిడ్డకు రెండు దారులు, ఒకటే ఎంచుకోవాలి

అమెరికాలో పుట్టిన పాప తల్లిదండ్రుల ముందు రెండు దారులు ఉంటాయి. అమెరికా పాస్‌పోర్టు తీసుకోకుండా, ఏడాది లోపు అక్కడి భారత కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించి భారత పాస్‌పోర్టు తీసుకోవడం ఒక దారి. అమెరికా పాస్‌పోర్టు తీసుకోవడం రెండవ దారి. ఎక్కువమంది రెండవ దారే పడుతున్నారు. అది తీసుకున్నాక నాలుగో సెక్షన్ కింద నమోదుకు తలుపు మూసుకుంటుంది.

మొదటి దారిలో వెళ్ళినా కథ 18 ఏళ్ళతో మళ్ళీ మొదలవుతుంది. మైనరుగా భారత పౌరసత్వంతోపాటు మరొక దేశపు పౌరసత్వం కూడా ఉన్న బిడ్డ, 18 నిండిన ఆరు నెలల లోపు ఆ రెండవ దేశం పౌరసత్వాన్ని వదులుకోవాలి. లేకపోతే భారత పౌరసత్వం పోతుంది. మన దేశంలో రెండు పౌరసత్వాలు చెల్లవు.

రెండవ దారిలో వెళ్ళినవారికి ఓసీఐ కార్డు ఉంది. విదేశాల్లోని భారతీయ సంతతివారికి ఇచ్చే ఈ కార్డు పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించారు. తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైనా విదేశీ పాస్‌పోర్టు ఉన్న బిడ్డకు ఈ కార్డు తీసుకోవచ్చు. ఇది ఉంటే వీసా లేకుండా ఎన్నిసార్లయినా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. ఇది లేని విదేశీ బిడ్డ వీసా గడువు దాటితే విదేశీయుల నమోదు అధికారి అనుమతి లేనిదే విమానం ఎక్కడం కుదరదు. జిల్లాల్లో ఆ అధికారి ఎస్పీ. మనుమరాలిని దగ్గర పెట్టుకున్న తాతలు పాప వీసా మీద ఉందా, ఓసీఐ మీద ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

కార్డు ఉంది కదా అని పౌరసత్వం ఉన్నట్లు కాదు. ఓసీఐ ఉన్నవారికి ఓటు లేదు. ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు. ప్రభుత్వోద్యోగం సాధారణంగా రాదు.

పొలం, సీటు

ఈ ప్రాంతంవారికి ముఖ్యమైనవి మరో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి పొలం, రెండవది మెడిసిన్ సీటు.

ఓసీఐ ఉన్నవారు మన దేశంలో ఇల్లు కొనవచ్చు, స్థలం కొనవచ్చు. సాగుభూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. 2019 నాటి విదేశీ మారక నిబంధనల ప్రకారం సాగుభూమిని దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అంటే తాత తన మాగాణి రెండెకరాలను మనుమరాలి పేర దానపత్రం రాస్తే చిక్కు వస్తుంది. తన తదనంతరం చెందేలా వీలునామా రాస్తే అడ్డు లేదు. విదేశాల్లో నివాసం ఉంటున్న భారత పౌరులకూ సాగుభూమి విషయంలో ఇదే పద్ధతి ఉంది. ప్రేమకొద్దీ తొందరపడి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళేముందు తెలిసిన వకీలును అడగడం మంచిది.

ఇక సీటు సంగతి. అమెరికాలో పుట్టి ఇక్కడ ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన పిల్లలు నీట్ రాసేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ప్రకటన ప్రకారం ఓసీఐ విద్యార్థులు ఎన్నారై సీట్లకే అర్హులు. భారత పౌరులకు కేటాయించిన సీట్లకు పోటీపడే వీలు లేదు. 2023 ఫిబ్రవరి 3న సుప్రీం కోర్టు ఈ నిబంధన ముందుకాలానికే వర్తిస్తుందని, 2021 మార్చి 4కు ముందు ఓసీఐ తీసుకున్నవారికి పాత హక్కులు ఉంటాయని తీర్పు చెప్పింది. ఆ తేదీ తరువాత కార్డు తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఇంటర్ చేరే ముందు కాదు, బడిలో వేసే ముందే ఆలోచించుకోవలసి ఉంది.

అలాంటివారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. తల్లిదండ్రులు భారత పౌరులైతే మైనరు బిడ్డను పౌరసత్వ చట్టం అయిదవ సెక్షన్ కింద భారత పౌరుడిగా నమోదు చేయమని అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ కేంద్ర హోంశాఖకు ఆన్‌లైన్‌లో పెట్టాలి. విచారణ జిల్లా కలెక్టరు ద్వారా జరుగుతుంది. అయితే విదేశీ పౌరసత్వం వదులుకోవాలి. ఏది వదులుకోవాలన్నది ఆ ఇంటివారు తేల్చుకోవలసిన సంగతి.

రంగూన్ నుంచి వచ్చిన పాఠం

కడుపు చేత పట్టుకుని సముద్రం దాటడం తెలుగువారికి కొత్త కాదు. డాలర్లకు, దీనార్లకు చాలా ముందు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ తీరం నుంచి వేలమంది బర్మా వెళ్ళారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీదనే అక్కడివారు తెలుగువారిని కోరంగీలు అని పిలిచారు. అప్పట్లో పాస్‌పోర్టు మాటే లేదు. బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న దాన్ని వేరు చేశారు. వెళ్ళినవారు ఉన్నచోటే ఉన్నారు, మధ్యలో దేశం గీత వచ్చి పడింది.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలాది భారతీయులు కొండలు, అడవుల మీదుగా నడిచి వచ్చారు. దారిలో ఎందరో చనిపోయారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. అక్కడ పుట్టిన తెలుగు బిడ్డ ఏ దేశం బిడ్డ అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

మన రాజ్యాంగం 8వ అధికరణం ఇటువంటివారి కోసమే రాశారు. తాను గాని, తల్లిదండ్రులు గాని, తాత అమ్మమ్మల్లో ఒకరు గాని అవిభక్త భారతదేశంలో పుట్టి ఉండి, పరదేశంలో నివసిస్తున్నవారు అక్కడి భారత ప్రతినిధి దగ్గర పేరు నమోదు చేయించుకుంటే భారత పౌరులవుతారు. 1950 జనవరి 26 తరువాత పుట్టిన బిడ్డలకు తండ్రి పౌరసత్వమే ఆధారమయింది. తండ్రి పేరు నమోదై ఉంటే బిడ్డకు దేశం ఉంది. లేకపోతే రెంటికీ చెడ్డ రేవడి.

1962 మార్చి 2న బర్మాలో జనరల్ నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. కూడబెట్టినది కళ్ళముందే కాగితమయింది. లక్షకు పైగా భారతీయులు ఓడలెక్కి తిరిగి వచ్చారు. వారిలో తెలుగువారి కోసం ఏర్పడిన కాలనీల గుర్తుగా విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు నేటికీ నిలిచి ఉంది. ఆస్తి పోయినా వారు ఈ దేశంలో నిలదొక్కుకున్నారంటే, ఎక్కడో ఒక పుస్తకంలో తండ్రి పేరో, తాత పేరో ఉండబట్టే.

అమెరికాలో కదిలిన నేల

నేల హక్కు శాశ్వతమని నమ్ముకున్న అమెరికా తెలుగువారికి 2025లో కంగారు పుట్టింది. ఆ ఏడాది జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఆదేశంపై సంతకం చేశారు. తల్లి అక్రమంగా గాని, తాత్కాలిక వీసా మీద గాని ఉండి, తండ్రి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, అక్కడ పుట్టే బిడ్డను పౌరుడిగా గుర్తించరాదన్నది ఆ ఆదేశం సారాంశం. హెచ్1బీ వీసా మీద ఉన్న మన జంటలు సరిగ్గా ఈ కోవలోకే వస్తారు. కోర్టులు ఆ ఆదేశం అమలును అడ్డుకున్నాయి. వివాదం అక్కడి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2025 డిసెంబర్‌లో ఆ కోర్టు దీన్ని విచారణకు స్వీకరించింది.

ఆ వార్తలు వచ్చిన నాడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో నెలలు నిండిన కోడళ్ళున్న ఇళ్ళలో టీవీ కట్టలేదు. నేల హక్కు పోతే బిడ్డకు మిగిలేది నెత్తురు హక్కు ఒక్కటే. అప్పుడు అమెరికా బిడ్డ పరిస్థితీ గల్ఫ్ బిడ్డ పరిస్థితే. ఏడాది లోపు భారత కాన్సులేట్ గడప తొక్కవలసిందే.

కోర్టు ఏమన్నది?

చట్టం అక్షరానికి ఎంత బిగువు ఉంటుందో 2024 అక్టోబర్ 18న మన సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూపింది. సింగపూర్‌లో పుట్టిన ఒక యువకుడి కేసది. అతని తల్లిదండ్రులు భారతీయులు. 1998 డిసెంబర్‌లో వారు సింగపూర్ పౌరసత్వం తీసుకున్నారు. అప్పటికే బిడ్డ తల్లి కడుపులో ఉన్నాడు. 1999 మార్చి 1న పుట్టాడు. పెద్దయ్యాక భారత పౌరసత్వం కావాలన్నాడు. మద్రాసు హైకోర్టు అతనికి అనుకూలంగా చెప్పింది. సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. తల్లిదండ్రులు భారత పౌరసత్వాన్ని తామై వదులుకోలేదని, పరదేశ పౌరసత్వం పుచ్చుకోవడంతో అది చట్టప్రకారం దానంతటదే పోయిందని చెప్పింది. కనుక వదులుకున్నవారి పిల్లలకు తిరిగి కోరుకునేందుకు ఇచ్చిన హక్కు ఈ యువకుడికి వర్తించదని తేల్చింది.

కడుపులో ఉన్న రెండు మూడు నెలల తేడా జీవితమంతటి తేడా అయింది. అటువంటివారు ఏడాదిపాటు ఇక్కడ నివసించి, అయిదవ సెక్షన్ కింద అర్జీ పెట్టుకునే దారి మాత్రం చట్టంలో ఉంది.

ముందే చూసుకోవలసినవి

విదేశంలో బిడ్డ పుట్టబోయే ఇంటివారు కొన్ని కాగితాలు ముందే సరిచూసుకోవాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో పేర్లు, పెళ్ళి సర్టిఫికెట్‌లో పేర్లు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందుందా, వెనకుందా అన్నది కూడా చూసుకోవాలి. పెళ్ళి నమోదు కాకపోతే దంపతులు విమానం ఎక్కక ముందే చేయించుకోవాలి. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి కాగితంతో సరిపెట్టుకోక ఆ దేశపు ప్రభుత్వం ఇచ్చే జనన ధ్రువపత్రం తీసుకోవాలి. దానితో ఏడాది లోపు భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో నమోదు చేయించాలి. గడువు దాటినా ఊరుకోరాదు, ఆలస్యానికి కారణం చూపి కేంద్రం అనుమతి కోరాలి. బిడ్డకు 18 నిండే తేదీని రాసి పెట్టుకోవాలి.

పాస్‌పోర్టు మేళాలు, ఓటర్ల నమోదు శిబిరాలు మండల కేంద్రాల్లో జరుగుతుంటాయని, విదేశాల్లో పుట్టిన పిల్లల సంగతి మాత్రం ఎక్కడా చెప్పడం లేదని గ్రామస్థులు అంటున్నారు. ఏడాది గడువు, కావలసిన కాగితాల వివరాలతో సచివాలయాల్లో ఒక బోర్డు పెట్టించాలని, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ మార్టూరు వంటి చోట్ల ఏడాదికి ఒకసారైనా అవగాహన సదస్సు జరపాలని వారు కోరుతున్నారు.

కువైట్ మనుమడు మొన్న తల్లితోపాటు ఊరికి వచ్చాడు. కల్లంలో మిర్చి ఘాటుకు తుమ్ముతూనే తాత చంక దిగలేదు. అతని పాస్‌పోర్టు బీరువాలో భద్రంగా ఉంది. అమెరికా మనుమరాలి సంగతి ఇంకా తేలలేదు. కొడుకు, కోడలు ఇక్కడికి తిరిగి వస్తారా, అక్కడే స్థిరపడతారా అన్నది వారికే తెలియదు. తాత మాత్రం పంచాంగం అట్ట లోపల పాప పుట్టిన తేదీ రాసి, దాని కింద 18 నిండే తేదీ కూడా రాసుకున్నారు.

"అప్పటికి నేను ఉంటానో లేదో. తేదీ ఉంటే ఎవరో ఒకరు చూస్తారు కదా" అన్నారు ఆయన.